ఏటిగట్టు వెనక ఊరు

ఆ ఊళ్ళో మేమున్నది సరిగ్గా మూడేళ్ళు. దిగిన రోజే వంటింటి గోడకి ఒక కాగితం అంటించి, దాని మీద ముప్పై ఆరు గడులు గీశాను. నెల అయిపోగానే ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గడి కొట్టేసేదాన్ని. సినిమాల్లో ఖైదీలు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటారు చూడండి, అలాగ.

మా ఆయన డాక్టరు. షికాగోలో రెసిడెన్సీ చేసింది జే-1 వీసా మీద. ఆ వీసా వాళ్ళు శిక్షణ అయిపోగానే రెండేళ్ళు సొంత దేశం వెళ్ళి ఉండాలి. అలా వెళ్ళకూడదనుకుంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచెయ్యాలి. దాన్నే వేవర్ అంటారు. అమెరికాలో ఏ మారుమూల ఆసుపత్రికి వెళ్ళినా ఒక రెడ్డిగారో ఒక రావుగారో తగులుతున్నారంటే చాలావరకు ఆ వేవర్ పుణ్యమే. మాకు పడింది ఇల్లినాయ్ రాష్ట్రం కింది కొసన, మిసిసిపీ పక్కన ఉన్న రాండాల్ఫ్ కౌంటీ. ఆసుపత్రి దగ్గర మంచి అద్దె ఇల్లు దొరకలేదు. అరగంట దూరంలో ప్రెయిరీ డు రోషర్ అనే ఊళ్ళో ఇల్లు ఖాళీగా ఉందని ఒక నర్సు చెప్పింది. 2003 జులైలో అక్కడ సామాను దించాం. ఊరి జనాభా ఆరువందల చిల్లర. కాలింగ్ కార్డు గీకి, ఆ పద్నాలుగు నంబర్లూ నొక్కి అమ్మకి చెప్తే, "ఆరువందల గడపా?" అంది. కాదమ్మా, మనుషులే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "పోన్లే, ప్రశాంతంగా ఉంటుంది" అంది చివరికి. ఓదార్చడానికి ఇంకేం దొరక్క అన్నదని తెలుస్తూనే ఉంది.

ప్రశాంతానికి లోటు లేదు. ఒక పోస్టాఫీసు, ఒక బ్యాంకు, చర్చి, ఫైర్ స్టేషన్, ఒకటో రెండో బార్లు. ఊరి మీదుగా రోజూ గూడ్సు బళ్ళు వెళ్ళేవి. మా ఆయన పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోతే ఇంక ఆ గూడ్సు కూత తప్ప వేరే చప్పుడుండేది కాదు. నాది ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని వీసా. కారు నడపడం అప్పటికింకా రాదు. గుడికి వెళ్ళాలన్నా, కరివేపాకు కావాలన్నా సెయింట్ లూయీ దాకా గంటకి పైగా ప్రయాణం. అదీ ఆదివారం మా ఆయనకి డ్యూటీ లేకపోతేనే.

మొదటి వారంలో ఒక సాయంత్రం ఒక్కదాన్నే నడవడానికి బయల్దేరాను. ఊరి వెనక సున్నపురాతి కొండ గోడ కట్టినట్టు నిలువుగా ఉంటుంది. ఊరి పేరుకి అర్థమే అది, రాతి పక్కనున్న పచ్చిక. ముందువైపంతా బల్లపరుపు నేల, మొక్కజొన్న, సోయా. ఆ పల్లాన్ని అక్కడివాళ్ళు బాటమ్స్ అంటారు. మొక్కజొన్న నా తల కన్నా ఎత్తుంది. ఇళ్ళు దాటి కొంచెం దూరం పోయేసరికి ఎదురుగా పచ్చగడ్డితో, కిందికి వెడల్పుగా, పైన బండి పట్టేంత దారితో ఒక పొడుగాటి మట్టికట్ట కనపడింది. కాళ్ళు ఆగిపోయాయి. ఇది ఏటిగట్టు కదూ!

మాది కోనసీమ. గౌతమి ఏటిగట్టు కింద ఊరు, యానాం ఎదురొడ్డున. చిన్నప్పుడు బడికి ఆ గట్టు మీదుగానే నడిచాను. అమెరికా వచ్చాక అంత దగ్గరగా తెలిసిన వస్తువు నాకు కనపడటం అదే మొదటిసారి. వాళ్ళు దాన్ని లెవీ అంటారు. గట్టెక్కి నిలబడ్డాను. అవతల వాగు, దాని అవతల మళ్ళీ మొక్కజొన్న, ఎక్కడో నాలుగు మైళ్ళ దూరాన చెట్ల వరస. ఆ చెట్ల వెనక నది ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు, గాలే చెప్పింది.

దిగుతుంటే ఒక పాత పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అందులో డెబ్భై ఏళ్ళ పెద్దాయన. దారి తప్పానేమో అనుకున్నాడు. గట్టు చూడ్డానికొచ్చానంటే టోపీ పైకెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. "గట్టు చూడ్డానికి ఎవరూ రారు" అన్నాడు. ఆయన రైతు, ఫిడేలు కూడా వాయిస్తాడని తర్వాత తెలిసింది. అందుకని మా ఇంట్లో ఆయన పేరు ఫిడేలాయన.

మా పక్కింటావిడకి అప్పటికే ఎనభై దాటాయి. మూడు పక్కలా వసారా ఉన్న ఇల్లు. ఆ వసారాని వాళ్ళు గ్యాలరీ అంటారు. ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న పాత ఇళ్ళ పద్ధతి అది. దుంగలు అమెరికన్ లాగ్ క్యాబిన్లలో లాగా అడ్డంగా పేర్చరు, నిలువుగా పాతి మధ్యలో మట్టీ రాయీ కూరతారు. చుట్టూ చూరు కిందికి దించి వసారా వేస్తారు. ఊళ్ళో 1800 ప్రాంతంలో కట్టిన అలాంటి ఇల్లు ఒకటి ఇప్పటికీ ఉంది, క్రియోల్ హౌస్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మమ్మగారి మండువా పక్క వసారాలో చాప వేసుకుని పడుకోవాలనిపించినట్టే అనిపించింది. పక్కింటావిడ సాయంత్రమయ్యేసరికి వసారాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని వచ్చేపోయే ప్రతి కారుకీ చెయ్యి ఊపేది. ఎవరెవరు ఎటు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో ఆవిడకి తెలుసు. మా ఊళ్ళో అరుగుల మీద ఈ పని చేసేవాళ్ళు కనీసం పదిమంది ఉండేవారు. ఇక్కడ ఆవిడొక్కతే మొత్తం ఊరికి సరిపోయేది.

నన్ను మనుషుల్లో వేసింది ఆవిడే. శీతాకాలం చివర, ఈస్టరు ముందు లెంట్ రోజుల్లో శుక్రవారం వాళ్ళు మాంసం తినరు. ఆ శుక్రవారాలు సాయంత్రం హాల్లో ఫిష్ ఫ్రై పెడతారు, ఊరంతా అక్కడే. నన్ను లాక్కెళ్ళి నా చేతికి కోల్‌స్లా గరిటె ఇచ్చింది. కూర్చోబెడితే ఎవరూ పలకరించరు, వడ్డన చేయిస్తే అందరూ పలకరిస్తారని ఆవిడ లెక్క. నిజమే అయింది. అక్కడ వేయించేది క్యాట్ ఫిష్‌తో పాటు బఫెలో ఫిష్ అనే ముళ్ళ చేప. ఆ ముళ్ళు కరకరలాడిపోయేలా, చేపకి అడ్డంగా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి నూనెలో వేస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమ నుంచి వచ్చినదాన్ని, ఉప్పూ కారం లేని ఆ గేదె చేపని ఏమని పొగడను? అయినా రెండు ముక్కలు తిన్నాను. మూడో వారం ఇంటి నుంచి చిన్న సీసాలో కారం పట్టుకెళ్ళి జల్లుకున్నాను. నాలుగో వారానికి ఆ సీసా నా చేతిలో ఉండటం మానేసి బల్లలన్నీ తిరిగింది.

ఊరి చరిత్ర గురించి వాళ్ళు పెద్దగా గొప్పలు పోరు. అలవాటుగా చెప్తారంతే. 1722లో ఫ్రెంచివాళ్ళు కట్టిన ఊరు. అమెరికా అనే దేశం పుట్టడానికి యాభై ఏళ్ళ పైనే ముందు. అప్పట్లో ఆ ప్రాంతానికి కమాండరుగా ఉన్న బ్వాబ్రియాన్ మేనల్లుడు మొదలుపెట్టాడు. కొండ నుంచి నది వైపు రిబ్బన్లలా సన్నగా పొడుగ్గా పొలాలు కోసుకున్నారు, ప్రతివాడికీ ఇంత మెరకా ఇంత పల్లం వచ్చేలాగ. ఈ నేలలో పండిన గోధుమ పిండి పడవల మీద న్యూ ఓర్లియన్స్ దాకా వెళ్ళేది. ఆ పొలాల్లో చెమటోడ్చినవాళ్ళలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చాలామంది. కోట దగ్గర జూన్ మొదటి వారాంతంలో రాండెవూ అని పెద్ద తిరనాళ్ళ లాంటిది జరుగుతుంది. డేరాలు, తుపాకులు, ఫిరంగులు, నీలం కోట్ల ఫ్రెంచి సిపాయి వేషాలు. మూడేళ్ళూ వెళ్ళాను. ఆ పొలం పనివాళ్ళ వేషం మాత్రం నాకు కనపడలేదు.

ఆ కోట పేరు ఫోర్ట్ డి షార్త్ర. ఊరికి నాలుగు మైళ్ళు, నది పక్కనే. మొదట కట్టింది కర్రకోట, 1720 నాటికి పూర్తయింది. వరదలకి అది చివికిపోతే మళ్ళీ కట్టారు. చివరికి 1750ల్లో తెల్లటి రాతికోట లేపారు. ఆ కర్రకోట కట్టించింది ఎవరయ్యా అంటే, ఒక వర్తక కంపెనీ. మొదటిసారి అక్కడి బోర్డు మీద 'కంపెనీ ఆఫ్ ది ఇండీస్' అని చదివి ఏదో రెడ్ ఇండియన్ల సంగతనుకున్నాను. కాదు. 1719లో జాన్ లా అనే ఆయన ఫ్రాన్సు లోని వర్తక కంపెనీలన్నీ కలిపేసి ఒకటి చేశాడు. లూసియానా, ఇల్లినాయ్ దాని కిందే, పుదుచ్చేరీ దాని కిందే. యానాంలో మొదట కొట్టు పెట్టిందీ ఆ కంపెనీయే, ఆ 1720ల్లోనే.

యానాం! నేను బోర్డు ముందు నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. మా అమ్మమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో శారదా చట్టం వచ్చి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరమైతే, మనవాళ్ళు పడవెక్కి ఫ్రెంచి యానాం వెళ్ళి చేసుకొచ్చేవాళ్ళు. దాన్ని కల్యాణపురం అనేవాళ్ళు కూడా. పదేళ్ళ అమ్మమ్మని తెల్లవారుజామున పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారట. చట్టానికి దొరక్కుండా ఏరు దాటించిన ఆ జెండా, నేను కూరగాయలు కొనుక్కునే ఈ ఊరి జెండా ఒకటేనన్నమాట. ఇంకొకటి కూడా చెప్పాలి. 1763 పారిస్ సంధిలో ఈ మిసిసిపీ తూర్పు ఒడ్డు ఇంగ్లీషువాళ్ళకి పోయింది. అదే సంధితో యానాం ఫ్రెంచివాళ్ళకి తిరిగొచ్చింది. 1765 అక్టోబరులో ఇంగ్లీషు సైన్యం వచ్చి ఈ కోట తాళాలు పుచ్చుకుంది. పుచ్చుకుని ఏం బావుకున్నారు? ఏడేళ్ళు తిరక్కుండానే నది కోట దాకా కోసుకుంటూ వచ్చింది, వదిలేసి పోయారు, దక్షిణపు గోడ ఏట్లో పడిపోయింది. మందుగుండు దాచిన రాతిగది మాత్రం ఉంది ఇప్పటికీ. గుమ్మం వంగి దూరాలి. లోపల ఆగస్టులో కూడా చల్లగా, పాత గాదె వాసన.

ఆ నది చేసిన పనులు ఒకటి కాదు. కొంచెం కిందికి వెళ్తే కస్కాస్కియా అని ఊరుంది. 1818లో ఇల్లినాయ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి రాజధాని. 1881లో మిసిసిపీ దారి మార్చుకుని ఆ ఊరికి అటుపక్క నుంచి ఇటుపక్కకి వచ్చేసింది. పాత ఊరు కొట్టుకుపోయింది. మిగిలిన నేల ఇప్పుడు నదికి పడమటి ఒడ్డున, మిజోరీ వైపు అతుక్కుని ఉంటుంది గానీ రాష్ట్రం ఇల్లినాయే. మేము వెళ్ళినప్పుడు లెక్కల ప్రకారం అక్కడి జనాభా తొమ్మిది మంది. పదిహేనో లూయీ పంపిన గంట ఒకటి ఉంది చూడ్డానికి. మా ఆయన చుట్టూ చూసి, "ఇక్కడికి వేవర్ పడనందుకు సంతోషించు" అన్నాడు.

మోడాక్ దగ్గర పంటు ఎక్కి సెయింట్ జెనివీవ్ వెళ్ళడం నాకు అన్నిటికన్నా ఇష్టం. కార్లు ఎక్కించుకుని మిసిసిపీ దాటించే పంటు. యానాం వంతెన నేను ఇండియా వదిలే రోజులకే వచ్చింది. నా చిన్నతనమంతా పంటే. గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు నుంచి అది వస్తుందా లేదా అని కళ్ళు చికిలించుకుని చూడటం, ఇంజను పొగ, తడి తాళ్ళ వాసన. అక్కడా అంతే. ఒకసారి వరద నీళ్ళకి పంటు కట్టేశారు. దాని ముందు పెట్టిన చేతిరాత అట్టముక్క చూసి ఎందుకో ఏడుపొచ్చింది. ఆ వారమే ఇంటి మీద బెంగ మరీ ఎక్కువగా ఉందిలెండి.

ఇక 1993 సంగతి. ఊళ్ళో ఎవరితో మాట్లాడినా పదో నిమిషానికి అక్కడికే వచ్చేవారు, మా వైపు 86 లాగ. 1986 ఆగస్టులో గోదావరికి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న రాత్రంతా గట్టు మీదే. హరికేను లాంతరు, చేతికర్ర. కర్రతో గట్టు లోపలి వాలు పొడుచుకుంటూ నడిచేవాడు. గట్టుని కూల్చేది పైనుంచి పొర్లే నీళ్ళు కాదమ్మా, కింద పందికొక్కు తవ్విన బొరియ, అనేవాడు. ఎక్కడైనా మెత్తగా తగిలితే మడమతో తొక్కి, పుల్ల పాతి, కేకేసేవాడు. మూడో రోజు మాకు ఎగువన గండి పడింది. గట్టు మీద తాటాకు పాకలో పదకొండు రోజులున్నాం. ఇది ఫిడేలాయనకి చెప్పాక ఆయన 93 సంగతి ఊరికే కథలా కాకుండా లెక్కలతో చెప్పడం మొదలుపెట్టాడు. తెలిసినవాళ్ళకి చెప్పినట్టు.

సెయింట్ లూయీ దగ్గర నీటిమట్టం 30 అడుగులు దాటితే వరద. ఆ ఏడు ఆగస్టు 1న 49.58 అడుగులు. అదే రోజు ఎగువన కొలంబియా దగ్గర ఏటిగట్టుకి గండి పడింది. అక్కణ్ణుంచి నీళ్ళు గట్టుకీ కొండకీ మధ్యనున్న పల్లంలో పడి దక్షిణానికి దౌడు తీశాయి. దారిలో వాల్మయర్ అని తొమ్మిదివందల మంది ఊరు. రెండిళ్ళెత్తు నీళ్ళు కావు గానీ, నెలల తరబడి నిలవ ఉండిపోయేసరికి ఊరు పాడైపోయింది. తర్వాత ఆ ఊరివాళ్ళు కొండ మీద, నాలుగువందల అడుగుల ఎత్తున, మొక్కజొన్న చేలో కొత్త వాల్మయర్ కట్టుకుని వెళ్ళిపోయారు. వాల్మయర్ తర్వాత వరసలో ఉన్నది ఈ ఊరే.

"నీళ్ళు ముందునుంచి వస్తే గట్టు ఉంది. ఇవి ఇంట్లోంచి వచ్చాయి, దొడ్డిగుమ్మం నుంచి" అన్నాడాయన. నది వాలులో పారుతుంది కదా. ఎగువ గండిలో దూరిన నీళ్ళు గట్టు లోపల దిగువకి చేరేసరికి, అక్కడ బయట నదిలో ఉన్న మట్టం కన్నా ఎత్తుగా పేరుకుంటాయి. పోయే దారి లేక ఊరి పక్క గట్టు మీద పడతాయి. దానికి విరుగుడేమిటంటే దిగువన నది గట్టుని మనమే కొట్టేయడం. ముందు బయటి నీళ్ళు లోపలికొచ్చి పరుపులా పరుచుకుంటాయి, ఎగువనుంచి వచ్చే దౌడు వాటికి తగిలి నెమ్మదిస్తుంది, తర్వాత ఎక్కువైన నీళ్ళు అదే గండిలోంచి తిరిగి నదిలోకి పోతాయి. చెప్పడం తేలిక. ఊరిని కాపాడటానికి, అప్పటిదాకా ప్రాణం పెట్టి కాపాడుకున్న గట్టుని తవ్వించాలి. తవ్వించారు. ఆర్మీ ఇంజనీర్లు పంటు మీద క్రేను పెట్టి, డైనమైటు పెట్టి మరీ తెంపారు. కోటలోకి నీళ్ళొచ్చాయి, చుట్టుపక్కల పొలాలన్నీ మునిగాయి. ఊరి పక్క గట్టు మీద ఇసుక బస్తాలు పేరుస్తూ ఎక్కడెక్కడి జనమో నిలబడ్డారు. నీళ్ళు బస్తాల దాకా వచ్చి ఆగాయి. ఊరు దక్కింది.

"మీ పొలం?" అన్నాను.

"గండికి సరిగ్గా ఎదురుగా" అన్నాడు. తర్వాత ఫిడేలు పెట్టె మూత తీసి కమానుకి రోజిన్ రాసుకుంటూ కూర్చున్నాడు.

పక్కింటావిడ మాత్రం ఆ వారంలో సామానంతా కొండ మీద చుట్టాలింటికి చేరవేసింది, ఒక్క పియానో తప్ప. అది నలుగురు మనుషుల వల్ల కాలేదట. గట్టు ఆగిందని తెలిసి తిరిగొచ్చాక మొదట చేసిన పని పియానో మీద దుమ్ము తుడవడం అని నవ్వేది.

డిసెంబరు వచ్చింది. ఇంట్లో నేను నెల పట్టిందని పొద్దున్నే లేచి, మంచులో ముగ్గు వెయ్యలేక, గుమ్మం లోపల చాక్‌పీసుతో గీసుకునేదాన్ని. 31 రాత్రి పక్కింటావిడ రమ్మంది. ఏడింటికి వసారాలో బూట్ల చప్పుడు. తలుపు తియ్యలేదు ఆవిడ. నోటి మీద వేలు పెట్టుకుని నన్ను ఆగమంది. బయట ఫిడేలు మొదలైంది, గిటారు కలిసింది. ఒకాయన గొంతెత్తి ఒక చరణం అన్నాడు, మిగతా ఇరవై గొంతులు అందుకున్నాయి. ఇంగ్లీషు కాదు. పాట అవుతుండగా తలుపు తీస్తే పాత కాలపు టోపీలు, రంగు గుడ్డలు, ఒకరిద్దరికి మొహాల నిండా మసి. పాడుతూనే లోపలికొచ్చి గది నిండిపోయారు.

దాన్ని లా గియానే అంటారు. ఏడాది చివరి రాత్రి ఇంటింటికీ తిరిగి పాడి, పెట్టింది తినడం. ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క ఏడూ మానలేదని వాళ్ళ నమ్మకం. పాట భావం ఇలా ఉంటుంది: ఇంటి యజమానికీ యజమానురాలికీ దండాలు. ఏదన్నా పెట్టండి. పెద్దగా అక్కర్లేదు, తొంభై అడుగుల పంది వెన్నుముక్క చాలు. అదీ లేదంటారా, మీ పెద్దమ్మాయిని పంపండి, మంచి విందు పెట్టి కాళ్ళు వెచ్చబరుస్తాం. పూర్వం అలా పోగైన పదార్థాలతో జనవరి 6న విందు చేసుకునేవాళ్ళట. ఆ రోజు కేకులో ఒక చిక్కుడు గింజ దాస్తారు, ఎవరి ముక్కలో వస్తే వాడు ఆ పూటకి రాజు.

ధనుర్మాసంలో, గుమ్మం ముందు, పాడుకుంటూ వచ్చిన మనుషులు! నా చెయ్యి దానంతటదే బియ్యం డబ్బా కోసం వెతికింది. హరిదాసు వంగితే నెత్తి మీద పాత్రలో పొయ్యాలి కదా. పక్కింటావిడ నా చేతిలో బీరు సీసాల ట్రే పెట్టింది, అవి పంచాను.

ఆ పాటకి అర్థం మాటమాటకీ తెలుసా అని ఫిడేలాయన్ని అడిగాను. మా తాత నోట్లోంచి వచ్చినట్టు నేనంటా, అన్నాడు. కాగితం చూపించాడు, చెవికి వినపడింది వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నది. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో పోయి చాలాకాలమైంది. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి మా ఆయనతో అదే పనిగా నవ్వాను. తెలియని భాషలో అడుక్కుంటున్నారు పాపం, అని.

రెండో ఏడు మా ఇంటికొస్తామని వాళ్ళే కబురు పెట్టారు. రెండు రోజులు టెన్షన్‌తో నిద్రపట్టలేదు. పంది వెన్నుముక్క నావల్ల కాదు. జంతికల గొట్టం బయటికి తీశాను. బియ్యప్పిండి, వాము, నువ్వులు, కొంచెం వెన్న. ఏడో నెల కడుపుతో పొయ్యి దగ్గర నిలబడి నాలుగు డబ్బాలు నింపాను. ఇరవై మంది బీరుతో నమిలి పడేశారు. గిటారాయన ఒక జంతికని దీపానికెదురుగా పట్టుకుని, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో వెతుకుతున్నాడు. మూడో ఏడు వచ్చేటప్పటికి పాట చివర ఏదో కొత్త మాట చేర్చి పాడి అందరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు. చెవి పెట్టి వింటే, అది జంతికలే.

2006 జులైలో ముప్పై ఆరో గడి కొట్టేసి డల్లాస్ వెళ్ళిపోయాం. కాగితం గోడ నుంచి పీకి చెత్తలో పడేశాను. ఎందుకు పడేశానా అని ఇప్పుడనిపిస్తుంది.

పక్కింటావిడ 2011లో పోయింది, కార్డు వచ్చింది. ఫిడేలాయన తర్వాత రెండేళ్ళకి. మా అమ్మాయి, ఆ రెండో ఏడు జంతికలు వండేటప్పుడు కడుపులో ఉన్నది, డల్లాస్‌లో పెరిగింది. ఎనిమిదేళ్ళప్పుడు సంక్రాంతి సంబరాల్లో స్టేజీ మీద పద్యం చదివింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టింది. ఒక్క మాటకీ అర్థం తెలియదు. కాగితం వంక చూశాను. ఆ చేతిరాత నాకెక్కడో చూసినట్టుంది. ముందు వరసలో కూర్చున్న ఒకాయన "అర్థం తెలియకుండా ఎందుకండీ ఈ చిలకపలుకులు" అన్నాడు. గొడవ పెట్టుకున్నాను ఆయనతో. మా ఆయన ఆశ్చర్యపోయాడు, ఏమైంది నీకు అని.

2022కి ఆ ఊరికి మూడువందల ఏళ్ళు. ఆ డిసెంబరు 31కి అమ్మాయిని తీసుకుని వెళ్ళాం. జనాభా ఐదువందలకి దిగింది. పక్కింటి వసారాలో ఉయ్యాలబల్ల లేదు. ఆ రాత్రి పాడినవాళ్ళలో ఫిడేలు పట్టుకున్నది ఆయన మనవడు, ముప్పై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి గుర్తుపట్టలేదు గానీ డబ్బా మూత తియ్యగానే గుర్తుపట్టాడు. అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఫ్రెంచి రెండేళ్ళు చదివింది కాబట్టి ఆ పాట అందరికన్నా తనకే ఎక్కువ అర్థమైంది. తొంభై అడుగుల దగ్గర ఒక్కతే పకపకా నవ్వింది.

మర్నాడు పొద్దున్న బయల్దేరేముందు తనకి గట్టు చూపిద్దామని తీసుకెళ్ళాను. చలికాలం, గడ్డి ఎండి నేలకి అంటుకుపోయి ఉంది. అలాంటప్పుడే గట్టు ఒళ్ళు బాగా కనపడుతుంది. నదికి ఎదురు వాలు మీద, సగం ఎత్తులో, ఎండుగడ్డి కింద పిడికిలి పట్టేంత బొరియ, ముందర తాజా మట్టి. ఆలోచించకుండానే మడమతో తొక్కాను. కాలు చీలమండ దాకా దిగింది.

"అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది.

ఒక పుల్ల విరిచి అక్కడ పాతి, రాత్రి తీసుకున్న నంబరుకి ఫోన్ చేశాను. కొత్త సంవత్సరం పొద్దున్న, తెల్లవార్లూ తాగి పాడిన మనిషి, గొంతు బొంగురుపోయి ఉంది. ఊరి పక్క గట్టుకి బొరియ పడిందని చెప్పాను. థాంక్సూ లేదు, హ్యాపీ న్యూ ఇయరూ లేదు.

"ఏ వాలు మీద? వాగు దగ్గర గేటు నుంచి ఎన్ని అడుగులు?" అన్నాడు.

అమ్మాయిని పుల్ల దగ్గర నిలబెట్టి, నేను గేటు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను.